గిర్దావర్ మామ చూసిన పుస్తకాల పంట

ఈ మధ్య ఒక అమ్మాయి స్వీటు డబ్బా పట్టుకుని మా ఇంటికి వచ్చింది. లైబ్రరీలో ఉద్యోగం వచ్చిందట. "హాయిగ కూసుండి పుస్తకాలు చదువుకునే నౌకరీ అక్కా" అని తెగ మురిసిపోయింది. స్వీటు అప్పటికే నోట్లో ఉంది కాబట్టి నేనేమీ అనలేదు. ఇప్పుడు చెబుతున్నాను. తల్లీ, ఈ ఉద్యోగంలో చదువుకునే తీరిక ఉండదు. ఫ్యాను స్విచ్చి ఎక్కడుందో చెప్పడం, పేపరు నలిపినవాణ్ని కోప్పడటం, పోటీ పరీక్షలకు చదివే పిల్లలకూ కునుకు తీసే పెద్దలకూ మధ్య కుర్చీల తగాదా తీర్చడం, ఇదీ మన పని. వీటి మధ్యలో ఎవరైనా వచ్చి పుస్తకం అడిగితే అది పండగ.

బీదర్‌లో పాత బజారు పక్క సందులో ఉన్న చిన్న సర్కారు లైబ్రరీలో నా సర్వీసంతా గడిచింది. ప్రమోషన్ల గురించి రాయను. రాసేటన్ని రాలేదు. కొత్తగా ఈ పనిలో చేరే మీలాంటి పిల్లల కోసం, నాకు పని నేర్పినవాళ్ల గురించి రాస్తాను. వాళ్లలో లైబ్రరీ శాస్త్రం చదివినవాళ్లు తక్కువ.

పుస్తకాలు అంటగట్టే రోగం

కొత్తలో నాకు ఒక రోగం ఉండేది. లోపలికి వచ్చిన ప్రతివాడి మొహం చూసి వాడికి ఏ పుస్తకం అవసరమో కనిపెట్టేసేదాన్ని. కోపంగా ఉన్నవాడికి శాంతి గురించీ, నవ్వుతూ వచ్చినవాడికి బాధ్యత గురించీ ఇచ్చేదాన్ని. దాహం వేసి మంచినీళ్ల కోసం వచ్చినవాళ్లు కూడా చేతిలో ఒక పుస్తకంతో బయటపడేవాళ్లు.

ఒకరోజు ఇటుకల వ్యాపారం చేసే ఒకాయన వచ్చి, "ఏదన్న మంచి పుస్తకం ఇయ్యి అక్కా" అన్నాడు. నా పంట పండిందనుకుని, నాకు ప్రాణంతో సమానమైన నవల తీసి ఇచ్చాను. దాని గొప్పతనం గురించి చాలాసేపు చెప్పాను. ఆయన ఇటుకల లారీ అంతసేపూ సందులో అడ్డంగా నిలబడే ఉంది. మరుసటి రోజు పుస్తకం తెచ్చి బల్ల మీద జాగ్రత్తగా పెట్టాడు.

"చదివారా?"

"నాలుగు పేజీలు సూసిన అక్కా. ఇది నీకు మంచి పుస్తకం. నాకు మంచిది ఇయ్యి."

నాకు ఇచ్చిన ట్రైనింగు మొత్తంలో ఈ ఒక్క మాట లేదు. అప్పటి నుంచి, అడిగితే తప్ప ఎవరికీ పుస్తకం చెప్పలేదు. లైబ్రరీ ఉద్యోగి చెప్పే పుస్తకం డాక్టరు రాసే మందులాగా ఉంటుంది. తీసుకుంటారు గానీ మింగరు. పక్క కుర్చీలో కూర్చున్న మామూలు మనిషి, "ఇది సూడు, జబర్దస్తుగ ఉంది" అంటే మాత్రం ఇద్దరు ముగ్గురు చెయ్యి చాస్తారు. అలాంటి మామూలు మనిషి ఒకడు మీ లైబ్రరీకి దొరికితే, ఫ్యాను కింది కుర్చీ ఆయనకే ఇవ్వండి. మాకు గిర్దావర్ మామ దొరికాడు.

తాళం వేసిన తెలుగు

ముందు అల్మారా సంగతి చెప్పాలి. మా లైబ్రరీలో గోడల నిండా కన్నడ పుస్తకాలు. ఉర్దూకొక ర్యాకు, మరాఠీకొక ర్యాకు. తెలుగుకు మాత్రం ఒక ఇనుప అల్మారా, దానికొక తాళం. తెలుగు పుస్తకాలన్నీ ఎవరో దానంగా ఇచ్చినవి. కన్నడ పుస్తకం పోతే సర్కారు ఇంకోటి పంపుతుంది, తెలుగు పుస్తకం పోతే ఎక్కడినుంచి తెస్తావు అని నా మొదటి పైఅధికారి తాళం వేయించాడు. మంచివాడే. పుస్తకం బయటికి వెళితే ఆయనకు నిద్ర పట్టేది కాదు. అందరూ హాయిగా నిద్రపోవాలని నేను కూడా తాళం తీయడం తగ్గించాను.

అడిగేవాళ్లు కూడా తక్కువే. తెలుగు మాట్లాడేవాళ్లకు బీదర్‌లో లోటు లేదు. మాది మన్నళ్ళి. ఇంట్లో తెలుగులోనే తిట్టుకుంటాం, తెలుగులోనే ఏడుస్తాం. బడి మాత్రం కన్నడం. కన్నడం వచ్చినవాడికి తెలుగు అక్షరాలు దూరపు చుట్టాల్లాగా కనిపిస్తాయి. మొహం పోలిక తెలుస్తుంది, పేరు మాత్రం గుర్తుకు రాదు. అందుకని నోటి నిండా తెలుగు ఉన్నవాళ్లు కూడా అల్మారాను ఒకసారి చూసి, పలకరించకుండానే వెళ్లిపోయేవాళ్లు.

మామ వచ్చాడు

గిర్దావర్ అంటే రెవెన్యూలో పొలాల హద్దులూ పంటలూ చూసే ఉద్యోగి. మా మాణికయ్య మామ ఆ పనిలో రిటైరయ్యాడు. సొంతూరు కుశనూర్. సరిహద్దు ఊళ్లన్నీ తిరిగి ఉద్యోగం చేసినవాడు కాబట్టి తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ నాలుగూ చదవగలడు. నాలుగూ కలిపి మాట్లాడగలడు కూడా. మా లైబ్రరీకి చదువుకోవాలని రాలేదు. ఇంట్లో కోడలు సీరియల్ చూస్తుంది, ఇక్కడైతే ఫ్యాను కింద చల్లగా ఉంటుంది, అందుకని వచ్చాడు.

ఒకరోజు కరెంటు పోయింది. ఫ్యాను ఆగాక మామకు ఏం చేయాలో తోచలేదు. "ఆ అల్మారాల ఏముంది బిడ్డా?" అని తాళం తీయించాడు. ఒక పుస్తకం తీసి మొదటి పేజీ చదివాడు. మధ్యలో ఒక పేజీ చదివాడు. చివరి పేజీ చదివాడు. మూసి పక్కన పెట్టి, "బారాణ పంట" అన్నాడు.

పంట ఎంత పండిందో చెప్పడానికి రెవెన్యూవాళ్లకు అణాల లెక్క ఒకటి ఉంది. నిండుగా పండితే పదహారణాలు. బారాణ అంటే పన్నెండు, ఆటాణ అంటే సగం, చారాణ అంటే కరువు. మామ సర్వీసంతా పొలం గట్టు మీద నిలబడి ఈ అంచనాలే వేశాడు. ఇప్పుడు పుస్తకాలకు వేయడం మొదలుపెట్టాడు.

"మొత్తం చదవకుండా ఎట్లా చెప్తారు మామా?" అని అడిగాను.

"చేను సూడాలంటె చేనంత తొక్కుతరా? ఈ మూల, ఆ మూల, నడుమ జర దిగి సూస్తె సమజ్ అయితది."

ఆయన అంచనాల్లో కొన్ని గట్టి నియమాలు ఉండేవి. పుస్తకంలో వాన పడకపోతే ఆటాణ దాటనిచ్చేవాడు కాదు. "మూడు తావుల సూసిన, ఒక్క తాన గూడ మొగులు లేదు. ఇంక ఏం పండుతది?" అనేవాడు. కవిత్వం పుస్తకం చేతికిస్తే అటూ ఇటూ తిప్పి చూసి, "సాళ్లు దూరం దూరం పెట్టిండు. ఇత్తనం తక్కువ. అయితె ఉన్న గింజ గట్టిది" అన్నాడు. విమర్శకులు రాసినవి నేను చాలానే చదివాను. ఇంతకంటే సూటిగా చెప్పినవాళ్లు గుర్తుకు రావడం లేదు.

మామ మాట పాకింది. పేపరు చదవడానికి వచ్చినవాళ్లు, "మామా, బారాణలది ఏమన్న ఉందా?" అని అడగసాగారు. ఆటో నడిపే దశరథ్ అయితే ఆటాణకు తక్కువైన పుస్తకాన్ని ముట్టుకునేవాడు కాదు, అక్షరాలు కూడబలుక్కోవడానికే అరపూట పట్టినా సరే. ఒక్కటే ఇబ్బంది. మామ చివరి పేజీ కూడా చదివేవాడు కదా, దాన్ని కడుపులో దాచుకోలేకపోయేవాడు. పుస్తకం చేతికి ఇస్తూనే, "మంచిగుంటది, ఆఖరికి పెండ్లాం మొగుడు కలుస్తరు" అని కలిపేసేవాడు.

సుమిత్ర, తుల్జమ్మ

లైబ్రరీకి ఎదురుగా సుమిత్ర అనే అమ్మాయికి లేడీస్ టైలర్ షాపు ఉంది. సొంతూరు చింతకి. బడిలో చదివింది కన్నడం. ఒకరోజు ఎండకు ఓర్చుకోలేక మా ఫ్యాను కిందికి వచ్చింది. మామ ఆమెకు ఒక లావుపాటి నవల చూపించాడు.

"ఇది తీస్క పో బిడ్డా. మొదట్ల వాన ఉంది. నడుమ గట్టు పంచాయతి ఉంది. ఆఖర్ల..."

"మామా!" అని నేను గట్టిగా అరిచాను. పరీక్షల పిల్లలు ఉలిక్కిపడ్డారు.

సుమిత్ర ఆ పుస్తకం తీసుకుంది. పగలు బ్లౌజులు కుట్టుకుంటూ, మధ్యలో అక్షరాలు కూడబలుక్కుంటూ, తెలియని అక్షరం వస్తే పరుగున వచ్చి నన్ను అడుగుతూ చదివింది. ఆదివారం చింతకి వెళ్లినప్పుడు వాళ్ల అమ్మకు రెండు మూడు పేజీలు చదివి వినిపించింది. వాళ్లమ్మ పేరు తుల్జమ్మ. పొలం పని చేసే మనిషి, చదువు లేదు. రేడియోలో, టీవీలో తెలుగు విన్నది గానీ పుస్తకంలోంచి వినడం అదే మొదలు.

"మా అమ్మ ఏమన్నదో తెల్సా అక్కా? 'మన మాట కితాబుల గూడ ఉంటదా?' అన్నది. మళ్ల ఐతారం ఎప్పుడొస్తవ్ అని ఫోన్ మీద ఫోన్ చేస్తాంది" అని చెప్పింది సుమిత్ర. చెబుతుంటే ఆమె కళ్లు మెరిశాయి. నాకు అంతకాలం ఆ అల్మారాకు కాపలా కాసింది ఈ ఒక్క మాట వినడానికే అనిపించింది.

అలా వారం వారం చదువుతూ వాళ్లు నవల సగానికి వచ్చారు. అప్పుడు పెద్దసారు వచ్చాడు.

చారాణ

పెద్దసారు అంటే కొత్తగా వచ్చిన పైఅధికారి. ధార్వాడ వైపు మనిషి. తెలుగు సగం అర్థమవుతుంది, మాట్లాడేది కన్నడం. వచ్చీరాగానే అల్మారా ముందు నిలబడి, వేలితో కొట్టి చప్పుడు విన్నాడు. పుస్తకాలను కాదు, ఇనుమును పరీక్షిస్తున్నాడని నాకప్పుడు తెలియలేదు.

"ఇవి ఎవరైనా చదువుతారా?" అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోపు ఫ్యాను కింద కూర్చున్న మామ కనిపించాడు. నన్ను అడగడం మానేసి ఆయన వైపు తిరిగాడు. "మీరు పాఠకులే కదా, చెప్పండి. ఈ తెలుగు పుస్తకాలు ఎలా ఉన్నాయి?"

నాకు గుండె నిండిపోయింది. ఇంతకంటే మంచి సాక్షి మనకు ఎక్కడ దొరుకుతాడు? మామ లేచి నిలబడ్డాడు. చొక్కా సర్దుకున్నాడు. చేతులు కట్టుకున్నాడు. ఇంటిల్లిపాదికీ చావు వార్త చెప్పే మొహం పెట్టాడు.

"ఏం చెప్పాలె సార్. చారాణ గూడ లేదు. ఏండ్ల సంది కరువే. జనం సూడక ఎండిపోతాంది."

పెద్దసారు మొహం వెలిగిపోయింది. "మంచిది! అయితే వచ్చే సోమవారం టెంపో పంపిస్తాను. అల్మారా, లోపలి సరుకూ రెండూ హెడ్డాఫీసుకు వచ్చేస్తాయి. పుస్తకాలు గోదాములో పెడదాం. బయట ఎవరి దగ్గరైనా ఉంటే అప్పటికి తెప్పించి పెట్టండి" అని చెప్పి వెళ్లిపోయాడు.

నేను మామ మీద విరుచుకుపడ్డాను. సర్వీసులో అంత గట్టిగా ఎవరినీ తిట్టలేదు. "నిశ్శబ్దం పాటించండి" అనే బోర్డు నా నెత్తి మీదే ఉంది.

"ఏం మామా, ఏం పని చేసినవ్? దినాం బారాణ, బారాణ అని అందరికి చెప్తవ్. సారు అడిగితె చారాణ అంటవా?"

మామ నన్ను జాలిగా చూశాడు. "పిచ్చిదానివా బిడ్డా? పెద్ద ఆఫీసర్ అడిగితె పంట మంచిగుందని ఎవడన్న చెప్తడా? మంచిగుందంటె శిస్తు గుంజుతరు. చారాణ అంటె మాఫీ చేస్తరు, ఇమ్దాద్ అని సాయం ఇస్తరు. కొత్త పుస్తకాలు మంజూరు అయితయనుకున్న."

"టెంపో మంజూరు అయింది."

"గదే సమజ్ అయితలే. కరువు అంటె పొలం గుంజుకునే సర్కారు నేను ఎన్నడు సూడలే" అన్నాడు. పాపం, నిజంగానే బిత్తరపోయాడు. నిలబడ్డవాడు నిలబడ్డట్టే కుర్చీలో కూలబడ్డాడు. జీవితమంతా రైతులను కాపాడిన అబద్ధం అది. రైతులు దాన్ని నేర్పారు, ఆయన నేర్చుకున్నాడు, అందరికీ మేలు జరిగింది. అల్మారా విషయంలోనే అది తిరగబడింది.

సోమవారం లోపు

సుమిత్రకు చెప్పడం నా వంతు. చెబితే ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు, కత్తెర కింద పెట్టింది. "సగంల ఉన్నం అక్కా" అంది. ఆ తర్వాత ఫోన్లో పేజీల ఫొటోలు తీయడం మొదలుపెట్టింది. ప్రతి ఫొటోలోనూ సగం పేజీ, సగం బొటనవేలు. ఒక ఫొటోలో అయితే ఎవరిదో బ్లౌజు కొలత కూడా పడింది.

మామ తప్పు దిద్దుకోవాలని, "నాకు ఆఖరి పేజీ ఎరుకే. మీ అమ్మకు ఫోన్ కలుపు, కథ నేను చెప్తా" అన్నాడు. సుమిత్ర ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. అవతల తుల్జమ్మ గొంతు ఖంగుమంది.

"ఎవరయ్యా నువ్వు? నాకు కథ అవసరం లేదు. కథలు నా దగ్గర్నే శానా ఉన్నయి. నా బిడ్డ సదువుతుంటె ఇనాలె నేను. ఆఖర్ల ఏమైందో ఒక్క మాట చెప్పినవంటె బీదర్‌కు వచ్చి నీ పని చెప్త."

మామ ఫోన్‌కు రెండు చేతులా దండం పెట్టాడు. సాయంత్రం వెళుతూ గుమ్మం దగ్గర ఆగి, "బిడ్డా, పంచనామా మీద ఎత్రాజ్ ఉంటె మళ్ల కోత పెట్టియ్యొచ్చు" అన్నాడు. ఎత్రాజ్ అంటే అభ్యంతరం. మామకు మతి చలించిందేమోనని నేను భయపడ్డాను.

కోత

సోమవారం పెద్దసారు టెంపో వెంట తనే వచ్చాడు. హమాలీలు అల్మారాను చూసి, ఇది మోయాలంటే ముందు చాయ్ తాగాలని హోటలుకు వెళ్లారు. ఆ సందు చూసుకుని మామ లేచాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు ఆ రోజు.

"సార్, మొన్న నేను చెప్పిన చారాణ మీద ఎత్రాజ్ ఉంది."

"ఎవరికి?"

"నాకే సార్."

పెద్దసారు నవ్వాడు. మామ నవ్వలేదు. అంచనా మీద ఎవరికైనా అనుమానం ఉంటే, ఆఫీసరు ముందూ రైతుల ముందూ పొలంలో ఏదో ఒక చోట కొలిచి కోసి, ఎంత పండిందో తేలుస్తారట. ఆ చోటు ఎవరూ ఏరకూడదు, ఎక్కడ పడితే అక్కడే. "అల్మారాకు గూడ కోత పెట్టాలె సార్. మీరు కండ్లు మూసుకుని ఒక పుస్తకం గుంజుండ్రి. ఏ పేజీ వస్తె ఆ పేజీ సదివిపిస్తం" అన్నాడు. హమాలీలు వచ్చేదాకా సారుకు కూడా పని లేదు. సరే అన్నాడు.

నేను ఊరి దేవుళ్లందరికీ మొక్కాను. అల్మారాలో ఏడిపించే నవలలు ఉన్నాయి, నవ్వించే కథలు ఉన్నాయి. సారు కళ్లు మూసుకుని చెయ్యి పెట్టి, కోళ్ల పెంపకం మీద ఒక పాత పుస్తకం బయటికి లాగాడు.

మామ మొహం పాలిపోయింది. అయినా నియమం నియమమే. "ఎవరి చేనో వాళ్లే కోయాలె. సుమిత్రా, దా బిడ్డా" అన్నాడు.

సుమిత్ర మెడలో కొలత టేపుతోనే వచ్చింది. పుస్తకాన్ని రెండు చేతులా పట్టుకుంది. వాళ్లమ్మ ముందు తప్ప ఎవరి ముందూ తెలుగు చదివి ఎరగదు. పేపర్లు చదివేవాళ్లు, పరీక్షల పిల్లలు, దశరథ్, అందరూ చుట్టూ చేరారు. మొదటి వాక్యం రాళ్ల మీద బండి నడిచినట్టు నడిచింది. రెండో వాక్యానికి కొంచెం దారి దొరికింది.

"పొదగడానికి కూర్చున్న కోడి గుడ్లు పెట్టుట మానును. అట్టి కోడి పొట్ట భాగమును చల్లని నీటిలో తడిపిన యెడల ఆ అలవాటు వదలును..."

"గలత్!" అన్నాడు దశరథ్. "గట్ల తడిపితె సర్ది పట్టి సస్తది."

"ఏం సావది" అంది పరీక్షల పిల్లల్లో ఒకమ్మాయి. మూడేళ్లుగా వస్తోంది, ఆమె గొంతు వినడం నాకు అదే మొదలు. "మా అత్త గట్లనే చేస్తది. కోడికి ఏం కాలే. అత్తకే సర్ది అయింది."

ఇంక చూడండి. ఒకరు నీళ్లు అన్నారు, ఒకరు గూడు మార్చాలన్నారు, ఒకరు అసలు ఆ కోడిని కోసుకుని తినాలన్నారు. పెద్దసారు రెండు నిమిషాలు ఓర్చుకున్నాడు. తర్వాత ఆగలేక తన కన్నడంలో అందుకున్నాడు. "నీళ్లూ లేదు, ఏమీ లేదు. మా అమ్మ గాలాడే చోట గంప కింద మూసేది. రెండు రోజుల్లో మామూలైపోయేది."

"గంప కింద మూస్తె ఇంక గట్టిగ కూసుంటది సార్" అన్నాడు మామ. కోడి విషయం వచ్చేసరికి ఆఫీసరనే భయం పోయింది.

"మా ఇంట్లో చూశానయ్యా నేను! నిన్నా మొన్నా కోళ్లను పెంచామా?"

"మేం గూడ పెంచినం సార్!"

పెద్దసారు బల్ల మీద చేత్తో కొట్టాడు. "మనకెందుకు గొడవ? పుస్తకం ఏమంటుందో చూద్దాం. తరువాతి పేజీ చదువమ్మా."

సుమిత్ర పేజీ తిప్పింది. అందరూ ఊపిరి బిగబట్టారు. "నీటికి బదులు, గాలి వెలుతురు బాగుగా వచ్చు సందుల బుట్ట క్రింద రెండు మూడు దినములు ఉంచినను చాలును" అని చదివింది. ఈసారి ఎక్కడా తడబడలేదు.

"చూశారా!" అని పెద్దసారు కుర్చీలోంచి లేచాడు. "మా అమ్మకు చదువు రాదు. మా అమ్మ మాట పుస్తకంలో ఉంది!" ఆయన మొహంలో అధికారి ఎక్కడా మిగల్లేదు. పుస్తకం సుమిత్ర చేతిలోంచి తీసుకుని, తనకు రాని అక్షరాలను కాసేపు అలాగే చూస్తూ నిలబడ్డాడు.

అప్పటికి హమాలీలు చాయ్ తాగి వచ్చారు. పుస్తకాలు దించమంటారా, అల్మారాతో పాటే మోయమంటారా అని అడిగారు. పెద్దసారు నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు.

"నిజం చెబుతానమ్మా. నాకు పుస్తకాలతో పని లేదు. ఆఫీసులో కంప్యూటరు సామాను ఎలుకలు కొరికేస్తున్నాయి, ఇనుప అల్మారా కావాలి. ఎవరూ చదవనిది ఎక్కడుందా అని జిల్లా అంతా తిరుగుతున్నాను. ఈ పెద్దాయన కరువు అనేసరికి ప్రాణం లేచి వచ్చింది." హమాలీలతో గట్టిగా అన్నాడు: "పుస్తకాలు ఇక్కడే దించండి. ఇనుము ఒక్కటే తీసుకుపోదాం."

మీ ఉద్యోగంలో ఇలాంటి పైఅధికారులు చాలామంది తగులుతారు. మన పనికి వాళ్లు శత్రువులనుకుని మనం రక్తపోటు తెచ్చుకుంటాం. చాలాసార్లు వాళ్ల బాధ ఎలుకలే. ముందు అదేమిటో అడగండి.

తాళం లేని పుస్తకాలు

అల్మారా వెళ్లిపోయాక పుస్తకాలన్నీ పేపర్ల బల్ల మీద, కిటికీ గట్ల మీద కుప్పలుగా పడ్డాయి. వాటిని ఎక్కడ సర్దాలో తెలియక రెండు రోజులు అలాగే వదిలేశాను. ఆ రెండు రోజుల్లో పేపరు కోసం వచ్చినవాడు పుస్తకం జరపాల్సి వచ్చింది. జరిపినవాడు అట్ట చూశాడు. అట్ట చూసినవాడు తెరిచాడు. అంతకుముందు ఏడాదిలో ఎన్నడూ లేనంతమంది తెలుగు పుస్తకాలు ఇంటికి తీసుకెళ్లారు. తాళం వేయించిన పాత సారు ఉండి ఉంటే పాపం నెలంతా నిద్రపోయేవాడు కాదు. సుమిత్ర తన షాపులో బ్లౌజు ముక్కలు పెట్టే పాత ర్యాకు తెచ్చి ఇచ్చింది. దానికి తలుపులు లేవు. నేను పెట్టించలేదు.

పిల్లలూ, నా సర్వీసంతటిలో మీకు ఉపయోగపడే సలహా ఇదొక్కటే. పుస్తకం మనిషికి అడ్డం రావాలి. తాళం వెనక ఉన్నదాన్ని మనం ఎంత పొగిడినా లాభం లేదు.

నవల పూర్తి కావలసిన ఆదివారం దాకా తుల్జమ్మ ఆగలేకపోయింది. ఒక బుధవారం బస్సెక్కి నేరుగా లైబ్రరీకి వచ్చేసింది. చేతిలో కందికాయల సంచి. వస్తూనే, "కథ చెప్తనన్న పెద్దమనిషి ఏడి?" అని అడిగింది. మామ పేపరు అడ్డం పెట్టుకున్నాడు. తల్లీకూతుళ్లు కిటికీ దగ్గర కూర్చున్నారు. సుమిత్ర మిగిలిన పేజీలన్నీ చదివింది. ఆగకుండా, తన సొంత మాటలు చెబుతున్నట్టుగా చదివింది. మామ ఆమె వెనక కుర్చీలో కూర్చుని, చివరి పేజీ దగ్గరపడే కొద్దీ నోటి మీద చెయ్యి గట్టిగా నొక్కుకున్నాడు. చివరి వాక్యం చదివి సుమిత్ర పుస్తకం మూసింది. తుల్జమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"అయిపోయిందా?"

"అయిపోయింది అమ్మా."

"మంచిగుంది. అయితె బిడ్డా, ఒక మాట చెప్త, బాధ పడకు. మొదట్ల నువ్వు ఒక్కొక్క అక్షరం ఏరుకుంట సదువుతుంటివి. నాకు ఒక్క ముక్క సమజ్ కాలే. నీ మనసు చిన్నపోతదని ఊఁ, ఊఁ అనుకుంట కూసున్న. ఇప్పుడు నీకు సదువు వస్తాంది" అంది తుల్జమ్మ. పుస్తకాన్ని కూతురి ఒడిలోకి మళ్లీ తోసింది. "మొదటి పేజీ తియ్యి. ఇప్పుడు చెప్పు కథ."